గొడుగు తీసేయ్ నాయనా

కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించి నేను తీసిన ఆఖరి ఫోటోలు మా పిన్ని కూతురి సీమంతానివి. అందరి ముఖాలూ పిండి రాసినట్టు తెల్లగా, నుదుళ్ల మీద జిడ్డు మెరుస్తూ, ప్రతి మనిషి వెనకా గోడకి ఒక నల్లటి నీడ అతుక్కుని. చెల్లెలు ముచ్చటపడి కట్టుకున్న ధర్మవరం పట్టుచీర జరీ కూడా రంగు కాగితంలా వచ్చింది. దాని ముఖంలో ఆ రోజున్న కళ నాకు ఇప్పటికీ గుర్తుంది, ఫోటోలో మాత్రం లేదు, అదే బాధ. వెలుగు నా కన్ను పక్కనుంచే బయల్దేరితే నీడలన్నీ మనిషి వెనక్కి పోతాయి, నీడ కనిపించకపోతే ముక్కు ఎత్తు, బుగ్గ పల్లం ఏదీ తెలియదు. ఫ్లాష్‌ని కెమెరా నుంచి విడదీయాలని అప్పుడే అనుకున్నాను.

నేను అనంతపురంలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను, ఫోటోలు ఆదివారాలే. ఒక మాన్యువల్ ఫ్లాష్ (పవర్ మనమే చేత్తో పెట్టుకునేది), దాన్ని దూరం నుంచి వెలిగించడానికి కెమెరా మీద పెట్టే ట్రిగ్గర్, స్టాండు, ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే తెల్ల గొడుగు, కొన్ని కొత్తవి కొన్ని వాడినవి, అన్నీ కలిపి 15 వేల లోపే అయ్యాయి. ఇంట్లో వాళ్లు ఒకటి రెండు సార్లు కూర్చున్నారు గానీ ప్రతి రాత్రీ గంటసేపు కదలకుండా ఎవరు కూర్చుంటారు? అందుకని స్టూలు మీద టెంకాయ పెట్టుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మనస్ఫూర్తిగా చెప్తున్నాను, పీచు తీయని టెంకాయని మించిన మోడల్ లేదు. వెలుగు ముందు నుంచి వేస్తే అదొక గోధుమరంగు ముద్ద, పక్కకి జరిపేసరికి ఒక్కో పీచూ లేచి నిలబడుతుంది. గొడుగు దగ్గరికి తెస్తే నీడ అంచు మెత్తబడుతుంది, దూరం జరిపితే గట్టిపడుతుంది. ఇది చదివితే ఎక్కలేదు, టెంకాయ మీద చూసేసరికి అరగంటలో ఎక్కింది.

నెలరోజులు టెంకాయతో గడిపాక బాగా పట్టుబడినవి రెండు. ఫ్లాష్ వెలుగు కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది కాబట్టి షటర్ ఎంతసేపు తెరిచి ఉంచామన్నది దానికి పట్టదు, గదిలో ఉన్న బల్బు వెలుగుకే పడుతుంది. అంటే గది ఎంత వెలగాలో షటర్‌తో, ముఖం ఎంత వెలగాలో ఫ్లాష్ పవర్‌తో విడివిడిగా చూసుకోవచ్చు, ఎపర్చర్ (లెన్స్ కన్నం ఎంత తెరుచుకుందో), ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత చురుగ్గా పట్టుకుంటుందో) మాత్రం రెండింటినీ కదుపుతాయి. నా కెమెరాలో షటర్ 1/200 సెకను కంటే వేగం దాటితే ఫోటోకి ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది, షటర్ తెర పూర్తిగా తెరుచుకోకముందే ఫ్లాష్ వెలిగిపోతుంది కాబట్టి. రెండోది దూరం సంగతి. వెలుగు టెంకాయకి అర మీటరులో, వెనక గోడకి రెండు మీటర్లలో ఉంటే గోడ మీద పడేది టెంకాయ మీద పడేదాంట్లో పదహారో వంతే. తెల్ల సున్నం కొట్టిన గోడ ఫోటోలో నల్లగా అయిపోయింది, నల్లగుడ్డ కట్టే పనే లేదు. ఆ రాత్రి పడుకునేసరికి రెండయింది.

తర్వాత నిజం మనుషుల్ని తీయాలనిపించింది. మా జిల్లా అనుకుంటే మొదట గుర్తొచ్చేది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట (ఇప్పుడు ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది). తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. చిన్నప్పుడు మా అవ్వ ఊళ్లో జాతరకి ఒకసారి ఆట చూశాను, తెర మీద రావణాసురుడి పది తలలు, ఎర్రటి ఎరుపు, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించడం, అంతవరకే గుర్తు. తెలిసినవాళ్ల ద్వారా అక్కడ ఒక పెద్దాయన్ని అడిగించాను. పేరు రాయొద్దన్నారు, తాత అనే రాస్తాను. డెబ్బై దాటాయి. ఒకప్పుడు రాత్రంతా ఆటలాడిన మనిషి, ఇప్పుడు ఎక్కువగా తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు, ఆటకి పిలిచేవాళ్లు తక్కువ, ల్యాంప్‌షేడ్లు కొనేవాళ్లున్నారు. ఆయన ఒక రోజు నాతో కూర్చుంటే ఆ రోజు పని ఆగినట్టే కాబట్టి ఆ రోజు కూలి ముందే ఇచ్చాను. ఎవరినైనా ఇలా కూర్చోబెట్టేటప్పుడు ఇది చేయాలని నా గట్టి అభిప్రాయం.

మొదటిసారి వెళ్లింది మధ్యాహ్నం. ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, గొడుగు ఆయనకి 45 డిగ్రీల్లో, తల కంటే కాస్త ఎత్తులో పెట్టాను. రెండు ఫోటోలు తీశానో లేదో గాలి గొడుగుని పట్టుకుంది, స్టాండుతో సహా కింద పడి ఒక చువ్వ విరిగింది. ఫ్లాష్‌కి ఏం కాలేదు, అదృష్టం. ఆయన కొడుకు పరిగెత్తుకొచ్చి స్టాండు కాళ్ల మీద ఇసుక మూట పెట్టాడు. బయట గొడుగు వాడే ప్రతి ఒక్కరూ ఆ మూట మొదటే పెట్టండి. తర్వాత ఓ ముప్పై తీశాను. పద్ధతి ప్రకారం ఒక్క తప్పు లేదు, కళ్లలో మెరుపు చుక్క ఉంది, ముక్కు నీడ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. కెమెరా స్క్రీన్ చూపించాను. తాత కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది నాయనా. నేను బ్యాంకులో ఇచ్చిన ఫోటో కన్నా బాగుంది."

మెచ్చుకోలుగానే అన్నారు. కానీ నాకు విషయం అర్థమైంది. ఆ ఫోటోలో ఉన్న పెద్దాయన టీచరు కావచ్చు, రైతు కావచ్చు. యాభై ఏళ్లకి పైగా తెర వెనక బొమ్మలాడించిన మనిషి అని చెప్పేది అందులో ఏదీ లేదు. నా ముఖం చూసి ఏమనుకున్నారో, లోపలికి రమ్మన్నారు. ఒక పాత పెట్టెలోంచి హనుమంతుడి బొమ్మ తీశారు, నా నడుం దాటి వచ్చేంత ఎత్తు. మేకతోలుని శుభ్రం చేసి, వెలుగు దిగేంత పల్చగా గీకి, బొమ్మ గీసి, రంగులు వేసి, నగలున్న చోటల్లా చిన్న ఉలితో వందల కన్నాలు కొట్టినది. నేల మీద పరిస్తే ముదురు రంగు, మురికి పట్టినట్టుంది. కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. ఒక్కసారిగా ఎరుపు, పచ్చ, పసుపు వెలిగిపోయాయి, కిరీటం నిండా చుక్కలు.

"నువ్వు లైటు నా ముందర పెట్టినావు. మాకు లైటు ఎప్పుడూ బొమ్మ ఎనకాలే. ముందర్నుంచి ఏస్తే దీంట్లో ఏముంది? తోలే కదా."

దారి పొడుగునా ఆ మాటే. వెలుగు బొమ్మ వెనక నుంచి రావాలి, బొమ్మని దాటి ఆయన ముఖం మీద పడాలి. ఆట జరిగేటప్పుడు తెర మీద పడేది అదే కదా, తెర బదులు ఆయన ముఖం.

రెండు వారాల తర్వాత సాయంత్రం వెళ్లాను. చీకటి పడ్డాక వాళ్ల పని చేసుకునే గదిలో మొదలుపెట్టాం. తాత కుర్చీలో, ఆయన ఎడమ చేతిలో బొమ్మ, దానికి అవతల నా ఫ్లాష్, గొడుగుతో సహా. నేను కుడివైపు కాస్త ముందు నిలబడితే వెలిగే బొమ్మా, దాని వెలుగు పడిన ముఖమూ రెండూ ఒకే ఫోటోలో వస్తాయి. వచ్చాయి కూడా. బొమ్మ అద్భుతంగా వచ్చింది. ముఖం మీద మాత్రం ఎర్రగా ఏదో మసక, అంతే. కన్నాల చుక్కలు ఒక్కటీ లేవు. పవర్ పెంచాను, తగ్గించాను, స్టాండు దగ్గరికి జరిపాను, ఇంకా పాడైంది. ఇరవై నిమిషాలు అలాగే కొట్టుకున్నాను, చెమటలు. తాత ఏమీ అనకుండా చూస్తున్నారు, చివరికి ఉండబట్టలేక అడిగారు.

"నాయనా, ఆ గొడుగు ఏంటికి?"

వెలుగు మెత్తగా రావడానికి తాతా, అన్నాను.

"మెత్తగా వస్తే బొమ్మ యాడ నిలబడుతుంది? గొడుగు తీసేయ్. దీపం చిన్నదిగా ఉండల్ల, దూరంగా ఉండల్ల. బొమ్మ తెరకి అంటుకొని ఉండల్ల. అప్పుడే గీత తెగినట్టు పడుతుంది. బొమ్మ ఎనక్కి లాగితే పొగ మాదిరి అయిపోతుంది, మేము మాయమయ్యే పాత్రలకి అట్లనే చేస్తాం."

నెలరోజులు టెంకాయ మీద నేర్చుకున్నదే అది, నాకు తట్టలేదు. పెద్ద వెలుగుకి మెత్తటి నీడ, చిన్న వెలుగుకి గట్టి నీడ. మనుషుల ఫోటో అంటే మెత్తటి వెలుగే మంచిదని ఎక్కడో మనసులో పడిపోయింది. మెత్తదనం అనేది ఒక ఎంపిక, అది మంచి వెలుగుకి ఇంకో పేరు కాదు. గొడుగు తీసేశాను. ఫ్లాష్ ముఖం కూడా ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అది కూడా పెద్దదే. వాళ్ల అబ్బాయి దగ్గర నల్ల చార్టు ఉంటే రూపాయి బిళ్లంత కన్నం కోసి ఫ్లాష్‌కి టేపుతో అంటించాం. స్టాండుని రెండున్నర మీటర్ల దూరానికి, గుమ్మం దాకా జరిపాను. బొమ్మని ముఖానికి జానెడు కంటే దగ్గరగా పట్టుకోమన్నాను. చార్టు చాలా వెలుగు మింగేస్తుంది, తోలు మిగతాది మింగుతుంది, అందుకని ఫ్లాష్ ఫుల్ పవర్, ఐఎస్ఓ 400, ఎపర్చర్ 4.

ఆ మొదటి ఫోటో స్క్రీన్ మీద కనిపించినప్పుడు నా నోట మాట రాలేదు. హనుమంతుడి కిరీటం చుక్కలు చుక్కలుగా ఆయన చెంప మీద, నుదుటి మీద, తెల్ల మీసం మీద. చుక్కల మధ్య తోలు దాటి వచ్చిన ఎరుపు, మెత్తగా. కన్నాల్లోంచి వెలుగు నేరుగా వస్తుంది కాబట్టి చుక్క గట్టిగా పడింది, తోలు వెలుగుని చెదరగొడుతుంది కాబట్టి రంగు మెత్తగా పరుచుకుంది. ఒకే ఫ్లాష్ రెండు రకాల వెలుగైంది, ఏ స్టూడియో సామానూ చేయని పని అది.

సర్దుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. చుక్కలు నీలం కలిసిన తెలుపుగా వచ్చాయి, వెనక గోడ మీద బల్బు వెలుగేమో నారింజ, రెండూ పొసగలేదు. ఫ్లాష్‌కి లేత నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేశాను, చుక్కలు దీపం వెలుగు రంగుకి దిగాయి. షటర్ 1/30కి తగ్గిస్తే గోడ మీద వేలాడే బొమ్మలు లీలగా తెలిశాయి. ముఖానికి అవతలి సగం మరీ చీకటి, రెండో ఫ్లాష్ లేదు, వాళ్ల అబ్బాయి తెల్ల పంచె ఒకటి చాపి పట్టుకుంటే తిరిగొచ్చిన వెలుగు కన్ను ఉందని తెలిసేంత ఇచ్చింది, అంతే చాలు. కళ్లద్దాల్లో ఫ్లాష్ మెరిసింది. తీసేయమంటే తీశారు గానీ చూపు ఎటో పోయింది, అద్దాలు లేకపోతే ఆయనకి నేను మసకే. మళ్లీ పెట్టుకోమని గడ్డం రెండు వేళ్లు కిందికి దించమన్నాను, మెరుపు పోయింది.

అప్పటికీ ఆయన కుర్చీలో బొమ్మ పట్టుకుని కూర్చున్న మనిషే. బొమ్మ ఆడుతుంటే తీస్తానని అడిగాను. లేచి నిలబడ్డారు. కాలి కింద చెక్క లేదుగా అని అటూ ఇటూ చూసి ఒక పలక తెచ్చి వేసుకున్నారు. దాని మీద కాలు తాటించి, లంకలో హనుమంతుడు సీతమ్మతో మాట్లాడే చోటు అందుకున్నారు. గొంతు మారిపోయింది, నిమిషం కింద నాతో మెల్లగా మాట్లాడిన మనిషి గొంతేనా ఇది అనిపించింది. పక్కింటివాళ్లు గుమ్మంలో చేరారు. ఫుల్ పవర్ కాబట్టి ఒక్కో ఫోటోకి ఫ్లాష్ తేరుకోవడానికి నాలుగైదు సెకన్లు, బ్యాటరీలు నీరసపడ్డాక ఎనిమిది, అందుకని పాట వింటూ, ఎక్కడ కాలు తాటిస్తారో కనిపెట్టి, అక్కడికి దాచుకుని కొట్టాను. గంటలో 140 ఫోటోలు. సగానికి పైగా బొమ్మ ఊగి చుక్కలు కంట్లోనో ముక్కులోనో పడ్డాయి. ఒక్కదాంట్లో మాత్రం నోరు తెరిచి, తల కొంచెం పైకెత్తి, చుక్కల వరస సరిగ్గా కనుబొమ్మ మీదుగా, కన్ను మాత్రం ఖాళీగా, తేటగా. అది తీస్తున్నప్పుడే తెలిసింది.

ఎడిటింగ్‌కి మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి చేసిందంతా పారేశాను. చర్మం నున్నగా చేశాను, నీడల్లో నీలం పోశాను, కళ్లు వెలిగించాను. పొద్దున చూసి మా ఆవిడ "ఈయన ఎవరు?" అంది. నేను చెప్పిన తాతని ఆమె ఆ ఫోటోలో పోల్చుకోలేకపోయింది. మళ్లీ రా ఫైల్ (కెమెరా పట్టుకున్నదంతా మార్చకుండా దాచే ఫైల్) నుంచి మొదలు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్) మామూలుగానే ఉంది, రంగులు విడివిడిగా చూస్తే ఎరుపు చానెల్ మాత్రం కుడి గోడకి గుద్దుకుంది, అంటే ఎరుపు హద్దు దాటి వివరాలు పోయాయి. హనుమంతుడి ఎరుపులో ఉలి గీతలు, తోలు నరాలు అన్నీ ఒకే ముద్ద. ఎక్స్‌పోజర్ మొత్తం తగ్గిస్తే ముఖం చచ్చిపోతుంది, అందుకని మార్పు బొమ్మ వరకే పడేలా మాస్క్ వేసి, ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) తగ్గించి, హైలైట్లు (బాగా వెలిగే చోట్లు) దించాను, నరాలు తిరిగొచ్చాయి. రా ఫైల్ కాబట్టి వచ్చాయి, జేపెగ్ అయితే అంతే సంగతులు. తర్వాత ఫోటోషాప్‌లో డాడ్జ్ అండ్ బర్న్, అంటే వెలుగున్న చోట కాస్త వెలుగు, నీడ ఉన్న చోట కాస్త నీడ, వెలుగు పెంచే పొర ఒకటి, తగ్గించే పొర ఒకటి (కర్వ్స్ లేయర్లు), ఒక్కో గీతకి అతి కొద్దిగా పడేలా బ్రష్ ఫ్లో మూడు శాతం, ఒక్కో ముడత మీదా ఓపిగ్గా. ముడత తీసేయడానికి కాదు, అది ఎటు తిరిగిందో ఇంకాస్త తెలియడానికి. వెనక ఒక ప్లాస్టిక్ బకెట్, వేలాడే ఫోన్ చార్జర్ తీసేశాను. బొటనవేలికి ఉలి తగిలి కట్టుకున్న గుడ్డపీలిక ఉంది, గోళ్ల సందుల్లో రంగు ఉంది, వాటిని ముట్టుకోలేదు. బకెట్ తీయొచ్చు, గుడ్డపీలిక తీయకూడదు అని ఏ పాఠంలోనూ ఉండదు, కానీ నాకు అక్కడ గీత చాలా స్పష్టంగా కనిపించింది. బకెట్ రేపు ఇంకో చోట ఉంటుంది. ఆ పీలిక ఆయన చేసే పనిది.

12x18 అంగుళాల ప్రింటు వేయించాను. నల్లగా వచ్చింది. తప్పు నాదే, రాత్రిపూట ల్యాప్‌టాప్ వెలుగు నిండా పెట్టుకుని ఎడిట్ చేశాను, స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ వెలుగు బాగా తగ్గించి, నీడలు ఒక మెట్టు లేపి, చిన్న ముక్క ఒకటి ప్రింటు వేయించి చూసుకుని, మెరవని మ్యాట్ కాగితం మీద మళ్లీ వేయించాను.

ఆదివారం తీసుకెళ్లాను. తాత ప్రింటు రెండు చేతులతో అందుకున్నారు. కొంచెంసేపు చూశారు, వేలితో చెంప మీద చుక్కలు ఒక్కొక్కటీ తాకారు. తర్వాత నేను అనుకోనిది చేశారు. లేచి కిటికీ దగ్గరికెళ్లి, బొమ్మని పట్టుకున్నట్టే, ప్రింటుని వెలుతురుకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. కాగితం కదా, వెనకనుంచి వెలుగు దిగలేదు, ముందువైపు ఇంకా నల్లబడింది.

"దీంట్లోకి వెలుగు దిగదే" అన్నారు. ఫిర్యాదుగా అనలేదు, ఒక బొమ్మని తోలు ఇంకా గీకాలి అని చెప్పినట్టు అన్నారు.

ధర్మవరంలో షాపుల బోర్డులు చేసే చోటికి వెళ్లాను, లోపల ట్యూబులైట్లు పెట్టే బోర్డులకి వాడే బ్యాక్‌లిట్ ఫ్లెక్స్ ఉంటుంది కదా, దాని మీద వేయమన్నాను. మామూలుగా వేస్తే వెనక వెలుగుకి రంగులు వెలిసిపోతాయి, ఇంకు రెట్టింపు వేయాలని అక్కడి కుర్రాడే చెప్పాడు. మూడు అడుగుల ఎత్తు. వాళ్ల అబ్బాయి చెక్క ఫ్రేము చేసి, వెనక ల్యాంప్‌షేడ్లకి పెట్టే బల్బే ఒకటి పెట్టాడు. సాయంత్రం ఆ గదిలో లైటు ఆర్పి అది వేశారు. తాత ముందు నిలబడి చూసి, వెనక్కి వెళ్లి బల్బుని నాలుగు వేళ్లు కిందికి దించారు, మళ్లీ ముందుకొచ్చి చూశారు.

"ఇప్పుడు సరిపోయింది" అన్నారు.